రూపాయి దక్కినను విలువ దక్కునా?
జీవిత భీమాదారుల రక్షణ

గృహస్థుడు తన యనంతరము భార్యాబిడ్డలు పరుల వాకిట నిలువరాదని తలంచి, అనుభవింపదగిన సుఖమును కొంత మానుకొని, ఏటేట భీమా ప్రీమియము చెల్లించుచుండును. ఇది కేవలము వర్తక వ్యవహారము గాదు. నమ్మికపై నిలిచిన యొప్పందము. ఇరువది యేండ్ల పిమ్మట పత్రమున వ్రాసిన సొమ్ము ఒక్క పైసయు తక్కువగాకుండ చేతికి వచ్చినను, దానితో కొనదలచిన ధాన్యములో మూడవవంతైనను రానిచో, ఆ యొప్పందము నెరవేరినట్లా, భంగపడినట్లా?

లెక్క సులభమే. ధరలు ఏటికి నూటికి 6 వంతున పెరిగినచో సుమారు 12 ఏండ్లలో రెట్టింపగును. 20 ఏండ్లకు లక్ష రూపాయల పాలసీ నేటి 31 వేల రూపాయల సరకును మాత్రమే తేగలదు. 2016 నుండి రిజర్వు బ్యాంకునకు విధింపబడిన లక్ష్యము నూటికి 4. ఆ లక్ష్యము సంపూర్ణముగ సిద్ధించినను, అదే లక్ష 46 వేలను మించదు. బోనసులు ఈ లోటును కొంత పూడ్చవచ్చును. కాని ఎంత పూడ్చునో ముందుగా ఎవ్వరును హామీ యీయరు.

ఈ వ్యాధి ముదిరినచో నేమగునో 1923వ సంవత్సరమున జర్మనీ చూచినది. ఆ నవంబరులో ఒక డాలరునకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు చెల్లెను. తుదకు లక్షకోట్ల కాగితపు మార్కులకు ఒక క్రొత్త మార్కు లభించెను. జీవితమంతయు ప్రీమియములు కట్టినవారి పత్రములు చిత్తుకాగితములాయెను. తాకట్టు బాకీని విలువలేని కాగితములతో తీర్చుకొనుట న్యాయము గాదని ఆ నెలలోనే అచ్చటి ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1925 జులైలో చేసిన శాసనము తాకట్టు బాకీలను పూర్వపు బంగారు విలువలో నూటికి 25 వంతున పునరుద్ధరించెను. భీమా కంపెనీల సొమ్ము విశేషముగ తాకట్టులమీదనే యుండుటచే, అట్లు తిరిగి బ్రతికిన ఆస్తిని ధర్మకర్తల ద్వారా పాలసీదారులకు పంచిరి. న్యాయము ఆలస్యముగ వచ్చెను, కొద్దిగనే వచ్చెను. అయినను కంపెనీ పెట్టుబడి విలువ నిలిచిననే పాలసీ విలువ నిలుచునను సత్యము దానివలన తేటపడినది.

మన దేశమున భీమా స్వదేశోద్యమముతో పెనవేసికొని పెరిగినది. 1925లో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. 1956 సెప్టెంబరు 1వ తేదీన జీవిత భీమా కార్పొరేషను ఏర్పడి, అట్టి కంపెనీల వ్యాపారమును స్వీకరించెను. దాని శాసనములోని 37వ విభాగము పాలసీ సొమ్మునకు, ప్రకటించిన బోనసులకు కేంద్ర ప్రభుత్వమును పూచీ చేసినది. ఇది గొప్ప రక్షణయే. కాని ఆ పూచీ రూపాయలకేగాని రూపాయల విలువకు గాదు.

స్థిరమైన ప్రీమియము పుచ్చుకొని పెరుగు సొమ్ము నిచ్చుట యెట్లని కంపెనీలు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే భీమా నిధులలో గణనీయమైన భాగము ప్రభుత్వ ఋణపత్రములలోనే యున్నది. ధరలు పెరిగినపుడు ఋణగ్రస్తమైన ప్రభుత్వము భారము తగ్గి తేరుకొనును. ఆ నష్టము తుదకు పాలసీదారు కుటుంబముపై పడును. కావున ధరలసూచిక ననుసరించి అసలు పెరుగు దీర్ఘకాల ఋణపత్రములను ప్రభుత్వము భీమా నిధులకు క్రమముగ విక్రయింపవలెను. బ్రిటను 1981 నుండి ఇట్టి పత్రములను వెలువరించుచున్నది. మన ప్రభుత్వము 1997లోను 2013లోను యత్నించెనుగాని ఆ యత్నము నిలువలేదు. దానిని భీమాకొరకే పునరారంభించుట కర్తవ్యము.

రెండవది, ఆదాయముతోపాటు ప్రీమియమును, దానితో భీమా సొమ్మును పెరుగునట్లు పాలసీలను విరివిగ నీయవలెను. మూడవది, గడువునాటికి వచ్చు సొమ్ము నేటి ధరలలో నెంత విలువ చేయునో పత్రముపైననే తెలుగున ముద్రింపవలెను.

పాలసీదారులును ఏమరియుండరాదు. పొలము గట్టును ఏటేట చూచుకొను రైతు, పెట్టెలోని పాలసీని ఇరువదియేండ్లు మరచియుండుట వివేకము గాదు. అయిదేండ్ల కొకమారైన కుటుంబవ్యయముతో దానిని సరిచూచి, చాలనిచో పెంచుకొనవలెను. పెద్దదిక్కు పోయిన యింట ఆ పత్రము గంజికి చాలునా, బిడ్డల చదువునకు చాలునా యనునదే అసలు ప్రశ్న.