పాత బంగారు నాణెం: ముందు పరీక్షించవలసింది అమ్మేవారినే

జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అని పిలిచే దిబ్బ మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ సర్వే చేసినప్పుడు వెలుగులోకి వచ్చిన సున్నపురాతి ఫలకాలలో మాంధాత చక్రవర్తి శిల్పం ఒకటి. అందులో రాజు చేయి పైకెత్తి నిలబడి ఉండగా మేఘాల నుంచి చదరపు నాణేలు వానలా కురుస్తుంటాయి. ఆ చదరపు ముక్కలు శిల్పి ఊహించినవి కావు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క గుర్తును విడివిడిగా అచ్చుకొట్టిన విద్ధాంక నాణేల ఆకారమే అది. ఫలకం మద్రాసు మ్యూజియానికి చేరినా, దిబ్బల కింద ధనం ఉంటుందన్న నమ్మకం మాత్రం జగ్గయ్యపేట, నందిగామ, పెనుగంచిప్రోలు పల్లెల్లో ఇంకా ఉంది. పాత బంగారు నాణేల పేరిట జరిగే మోసాలలో చాలా భాగం ఈ నమ్మకం ఆసరాగానే సాగుతోంది.

నమ్మకానికి ఆధారం లేకపోలేదు. వినుకొండలో రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు దొరికాయి. వేంగిని ఏలిన శక్తివర్మ, రాజరాజనరేంద్రుల పలుచని, వెడల్పాటి బంగారు నాణేలు సముద్రం దాటి బర్మా తీరంలోనూ బయటపడ్డాయి. విజయనగర రాజుల వరహాలు దక్షిణాది అంతటా చెలామణి అయ్యాయి. అయితే సాధారణ కుటుంబాలకు పాత బంగారు నాణెంతో పరిచయం ఎక్కువగా కాసులపేరు ద్వారానే కలిగింది. నేటికీ కాసు బంగారం అంటే 8 గ్రాములని లెక్క కట్టడం ఇంగ్లండు సవరసు బరువును బట్టి వచ్చిన అలవాటే. సవరసు అసలు బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లది, అంటే 24 పాళ్ళలో 22 పాళ్ళు బంగారం కాగా తక్కిన రెండు పాళ్ళు ప్రధానంగా రాగి.

ఇటువంటి నాణేనికి రెండు విలువలు ఉంటాయి. లోహపు విలువ ఏ రోజు ధరను బట్టి ఆ రోజు మారుతుంది, ఎవరైనా లెక్కగట్టగలరు. సేకరణ విలువ మాత్రం నాణెం ఎంత అరుదైనది, ఎంత అరగకుండా నిలిచింది, ఏ టంకశాలలో ముద్రించబడింది అన్న వాటిని బట్టి ఏర్పడుతుంది. 1918లో బొంబాయిలో ముద్రించిన సవరసు మీద, గుర్రం మీది సెయింట్ జార్జి బొమ్మకు కింద, నేలను సూచించే గీత మధ్యలో ఇండియాను తెలిపే చిన్న ఇంగ్లిషు ‘ఐ’ అక్షరం ఉంటుంది. ఆ అక్షరం భూతద్దం లేకుండా చాలామందికి కనిపించదు. శ్రీకృష్ణదేవరాయల బాలకృష్ణ వరహా బరువు సుమారు 3.4 గ్రాములు, పరిమాణం చిటికెన వేలి గోరంత. దాని వెనుక నాగరి లిపిలో మూడు వరుసలుగా ఉండే రాజు పేరును చదవగలిగినవారికి, చదవలేనివారికి మధ్య ఉన్న తేడాయే ఈ వ్యాపారంలో లాభనష్టాలకు మూలం. కొనేవారు బంగారానికి పైన చెల్లించే సొమ్ము అంతా నిజానికి అమ్మేవారి మాటకు చెల్లించే సొమ్ము కాబట్టి, నాణెం కంటే ముందు ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

అందుకు మొదటి కొలత బిల్లు. నమ్మదగిన వ్యాపారి తాను నోటితో చెప్పిన ప్రతి విషయాన్నీ, అనగా రాజు లేదా ప్రభుత్వం పేరు, సంవత్సరం, టంకశాల, గ్రాముల్లో బరువు, బంగారం శాతం, నాణెం మీద ఉన్న లోపాలు, అన్నింటినీ బిల్లు మీద రాసి, లోహపు ధర ఎంత, సేకరణ ధర ఎంత అన్నది విడివిడిగా చూపించి, జీఎస్టీ నంబరుతో సంతకం చేసి ఇస్తాడు; నాణెం అసలుది కాదని తేలితే ఎన్ని రోజుల్లో సొమ్ము తిరిగి ఇస్తాడో కూడా అందులోనే ఉంటుంది. ‘పాత బంగారు ముక్క ఒకటి’ అని రాసి ఇచ్చే బిల్లు కొనేవారికి ఏ రక్షణా ఇవ్వదు. బిల్లు లేకుంటే ధర తగ్గిస్తామన్న మాట వింటే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది. ఒక లావాదేవీలో 2 లక్షల రూపాయలు లేదా అంతకు మించి నగదు పుచ్చుకోవడాన్ని 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది గనుక, పెద్ద మొత్తాన్ని రొక్కంగానే తెమ్మనే వ్యాపారి మొదటే ఒక చట్టాన్ని ఉల్లంఘిస్తున్నట్టు లెక్క.

రెండవ కొలత, వ్యాపారి తన సరుకును పరీక్షించనివ్వడం. సవరసు వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు, మందం ఒకటిన్నర; బంగారం కంటే ఇత్తడి ఎంతో తేలిక కనుక ఇవే కొలతలతో చేసిన ఇత్తడి బిళ్ళ దాదాపు సగం బరువే తూగుతుంది, దాన్ని అసలు బరువుకు తేవాలంటే మందమైనా పెంచాలి, చుట్టుకొలతైనా పెంచాలి. అందుచేత గ్రాములో నూరో వంతు చూపే తూకం, మందం కొలిచే కాలిపరు, ఒక భూతద్దం ఉంటే నాసిరకం నకిలీలు చాలావరకు అక్కడికక్కడే తేలిపోతాయి. అచ్చుపోసిన నకిలీల మీద సూది మొనంత గాలి బుడగల గుంటలు, అంచు చుట్టూ సన్నని అతుకు గీత, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తాయి. హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఎక్స్‌రే యంత్రం నాణేన్ని గీయకుండానే బంగారం శాతం చెబుతుంది, కాని అది పైపొరను మాత్రమే చదువుతుంది కాబట్టి దాన్ని తూకంతోనూ కొలతలతోనూ కలిపి చూడాలి. గీటురాయి మీద గీయడం నగకు సరే, సేకరణ నాణేనికి అది గాయం. గీటు పెట్టి చూపిస్తానని ఉత్సాహపడే వ్యాపారికి సేకరణ విలువ అంటే ఏమిటో తెలియదనే చెప్పాలి.

ఈ పరీక్షలన్నీ దాటిపోయే నకిలీలు కూడా ఉన్నాయి. 1950లలోనూ ఆ తరువాతా ఇటలీలో, లెబనాన్‌లో సరైన బంగారంతో, సరైన బరువుతో దొంగ సవరసులు ముద్రించారు. వాటిని కొన్నవారికి లోహం దక్కుతుంది, అరుదైన సంవత్సరానికి పెట్టిన అదనపు సొమ్ము మాత్రం పోతుంది. అక్కడ యంత్రం చేయగలిగింది తక్కువ, అనుభవం ఉన్న కన్నే పసిగట్టాలి. ఆ కారణం చేతనే ఖరీదైన నాణేన్ని అమ్మేవాడు మరొక నాణేల నిపుణుడికి చూపించుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. ‘సాయంత్రానికి ఇంకొకరు పట్టుకుపోతారు’ అని తొందరపెట్టడం ఈ వ్యాపారంలో అన్నిటికంటే పాత ఎత్తుగడ.

విజయవాడ, జగ్గయ్యపేటల్లోని నగల దుకాణాలు నిజాయితీగా వ్యాపారం చేసినా వాటి చూపు వేరు. నాణేన్ని అవి బరువుగా చూస్తాయి, కరిగించే లోహంగా కొంటాయి. పాత నాణేనికి తరుగు, మజూరీ అన్న లెక్కలు పొసగవు, మెరుగు పెట్టించడం అసలే పనికిరాదు, ఎందుకంటే తళతళలాడించిన నాణెం సేకర్త దృష్టిలో పాడైన నాణెం. నగలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది గాని, వందేళ్ళ నాటి కాసు మీద ఆ ముద్ర కోసం వెతకనవసరం లేదు. ముద్ర వేయించి ఉంటే అది నాణేన్ని పాడుచేయడమే. బ్యాంకులు కొత్త బంగారు నాణేలు అమ్ముతాయి, కాని తిరిగి కొనవు. వాటికి సేకరణ విలువ కూడా సాధారణంగా ఉండదు.

చట్టం విషయంలో వ్యాపారి చెప్పే సమాధానం కూడా ఒక కొలతే. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులోకి వచ్చింది. నూరేళ్ళకు తగ్గని నాణెం ఏదైనా దాని ప్రకారం పురావస్తువే, వాటిని వ్యాపారంగా అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. పైన చెప్పిన 1918 సవరసు కూడా ఇప్పుడు ఈ నిర్వచనంలోకి వచ్చినదే. అమెరికాలో ఉన్న కొడుకుకో కూతురుకో పాత వరహాను కానుకగా పంపుదామనుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పి ఆపే వ్యాపారి ఒక అమ్మకం పోగొట్టుకుంటాడు, అయినా అతడే నమ్మదగినవాడు.

‘పునాది తవ్వుతుంటే బిందె దొరికింది, బయట అమ్మితే ప్రభుత్వం పట్టుకుపోతుంది’ అంటూ వచ్చేవారి పద్ధతి తెలుగు జిల్లాల్లో అందరికీ తెలిసిందే, అయినా ఇంకా పారుతూనే ఉంది. మొదట ఒకటి రెండు అసలు బంగారు నాణేలిచ్చి, కంసాలి దగ్గర పరీక్ష చేయించుకోమంటారు. అది నిజమని తేలాక లక్షలు తెప్పించి, రాత్రివేళ ఇత్తడి బిళ్ళల మూట చేతిలో పెట్టి మాయమవుతారు. మోసపోయినవారు పోలీసుల దగ్గరకు వెళ్ళడానికి వెనుకాడతారు, ఎందుకంటే దొంగ నిధి కొనడం తప్పని వారికీ తెలుసు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయలు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి; తెలిపినవారికి వాటా వచ్చే అవకాశం ఆ చట్టంలోనే ఉంది, దాచినవారికి ఆ వాటా పోవడమే కాక శిక్ష కూడా ఉంది. కాబట్టి భూమిలో దొరికిందన్న కథ నిజమైతే ఆ కొనుగోలు నేరం, అబద్ధమైతే అది మోసం.

ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, మరోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అన్న సంవత్సరం ఉన్న బిళ్ళలు సంతలలో, తిరునాళ్ళలో కోట్ల ధర పలుకుతాయన్న ప్రచారంతో తిరుగుతుంటాయి. కంపెనీ అటువంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు. బియ్యపు గింజలను లాగే నాణెమంటూ ‘రైస్ పుల్లింగ్’ పేరిట అమ్మేవారిది కూడా ఇదే కోవకు చెందిన మోసం, ఏ లోహానికీ బియ్యాన్ని లాగే గుణం లేదు.

కొనేటప్పుడు చూపవలసిన ఈ జాగ్రత్తే ఇంట్లో ఉన్నదాన్ని అమ్మేటప్పుడూ అవసరం. పెళ్ళిళ్ళ ముందు పాత కాసులపేరును కరిగించి కొత్త నమూనా హారం చేయించే కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఆ కాసుల్లో అనేకం కంసాలి చేసిన అచ్చుబిళ్ళలే కావచ్చు, కొక్కెం కోసం టంకం పెట్టిన అసలు సవరసులకు సేకరణ విలువ కొంత తగ్గి ఉండవచ్చు, అయినా అరుదైన సంవత్సరం ఒక్కటి ఉన్నా కొలిమిలో పడ్డాక దాన్ని తిరిగి తేలేరు. కరిగించే ముందు ప్రతి కాసు మీది సంవత్సరాన్ని భూతద్దంతో చదివి, రెండు వైపులా ఫోటో తీసి, బిల్లు రాసి ఇచ్చే నాణేల వ్యాపారి ఒకరికైనా చూపించవలసిందిగా పాఠకులకు విన్నపం.