రాత్రి కురిసిన మంచు – ప్రొద్దుటి చీటీ

దక్కను పీఠభూమి మీద పుట్టి పెరిగిన మనకు హిమపాతం గురించి వ్యాసమేమిటని మన యూనియన్ మిత్రులు నవ్వవచ్చు. నిజమే. బడంగ్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కాలేజీకి వచ్చే నాబోటి ఫిజిక్సు మాష్టారుకు మంచు అంటే పుష్యమాసంలో తెల్లవారుజామున నాదర్‌గుల్ వైపు కమ్ముకొనే పొగమంచు. మహా అయితే వేసవిలో ఏదో ఒక సాయంత్రం రేకుల మీద టపటపా రాలే వడగళ్ళు. 2004లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ వెలిసినప్పుడు కోటు తొడుక్కొని వెళ్ళి గంటసేపు వణికి వచ్చినవాళ్ళు మనలో చాలామంది వున్నారు. కాని అది యంత్రం చేసిన మంచు. నిన్న ఎలా వుందో ఇవాళా అలాగే వుంటుంది. దానికి దినదిన నివేదిక అక్కరలేదు.

అయితే ఈమధ్య మన విద్యార్థులు సెలవుల్లో గుల్‌మార్గ్‌కో, ఔలీకో, మనాలీ దగ్గరి సోలాంగ్‌కో వెళ్ళి రావడం మామూలైపోయింది. కొలరాడోలో స్థిరపడ్డ మన పాత విద్యార్థి ఒకడు ప్రతి శీతాకాలం నాకు ఫొటోలు పంపిస్తూ వుంటాడు. "రాత్రి అడుగున్నర పడింది మాష్టారూ, రేపు మాకు పండగే" అని వ్రాస్తాడు. ఆ పండగ మాట చూసే ఈ వ్యాసం వ్రాయాలనిపించింది. స్కీయింగ్ చేసేవాడికి కొత్త మంచు పడిన మరునాటి ఉదయం కంటె మంచిరోజు లేదు. కొండవాలుకు అంతకంటె చెడ్డరోజూ లేదు. ప్రొద్దున్నే రిసార్టు గోడ మీద అంటించే చీటీలో ఈ రెండు సంగతులూ వుంటాయి. ఒకటి చదివి రెండోది వదిలేసేవాళ్ళే ఎక్కువ.

ముందు మాటల ఇబ్బంది ఒకటుంది. గడ్డిమీది బిందువూ మంచే, రోడ్డు కనపడనీయని పొగా మంచే, ఆకాశం నుంచి పువ్వులా రాలేదీ మంచే, గడ్డకట్టిన నీరూ మంచే. మన భాషకు అంతకంటె అవసరం పడలేదు, తప్పు లేదు. కాని చీటీ చదవాలంటే తేడాలు తెలియాలి. అప్పుడే పడి మోకాటిదాకా దిగబడేదాన్ని దూదిమంచు అందాము. యంత్రాలతో తొక్కించి చదును చేసినదాన్ని చదునుమంచు అందాము. పగలు కరిగి రాత్రి బిగిసి, పైన అప్పడంలా పెళుసుగా తయారైనది పెచ్చుమంచు. ఇవి నేను పెట్టుకున్న పేర్లు. తెలుగు శాఖవారు మంచివి చెబితే మార్చుకుంటాను.

ఇక చీటీలో మొదట కనిపించేవి రెండు అంకెలు: మొత్తం మందం ఎంత, గడచిన ఇరవైనాలుగు గంటల్లో కొత్తగా పడినది ఎంత. హైదరాబాదు వాళ్ళకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. వానాకాలంలో హిమాయత్‌సాగర్ నీటిమట్టం పేపర్లో చూస్తాము గదా! పూర్తి మట్టం 1763.5 అడుగులు, ఇప్పుడు ఇంత, ఇన్‌ఫ్లో ఇంత అని వేస్తారు. మొత్తం మందం నీటిమట్టం లాంటిది, కొత్త మంచు ఇన్‌ఫ్లో లాంటిది. స్కీయింగ్‌కు వెళ్ళేవాడు మొదటి అంకె చూసి రాళ్ళు తగులుతాయో లేదో తెలుసుకుంటాడు. ప్రాణానికి సంబంధించిన కబురు రెండో అంకెలో వుంది.

ఎందుకో చూద్దాము. కొత్త మంచులో చాలాభాగం గాలి. సుమారుగా పది సెంటీమీటర్ల మంచు కరిగిస్తే ఒక సెంటీమీటరు నీళ్ళు వస్తాయి. చలి బాగా వుండి పొడిగా పడితే అంతకంటె తక్కువ, తడిగా పడితే ఎక్కువ. నలభై సెంటీమీటర్లు పడిందంటే చదరపు మీటరుకు నలభై కిలోల బరువు. యాభై మీటర్ల పొడవు, యాభై మీటర్ల వెడల్పు వున్న వాలు మీద లెక్క వేయండి: వంద టన్నులు! దూదిలా కనిపించేది ఒక్క రాత్రిలో తెచ్చిపెట్టిన బరువు అది. ఆ బరువు నెమ్మదిగా వారం రోజుల్లో చేరితే కింది పొరలు సర్దుకుంటాయి. ఒక్కసారిగా చేరితే సర్దుకోవడానికి వ్యవధి ఏదీ? ఇందుకు మనమెరిగిన సాక్ష్యం 2020 అక్టోబరు. 13వ తేదీ కుంభవృష్టికి మన తూర్పు హైదరాబాదు చెరువులన్నీ నిండాయి. 17వ తేదీ రాత్రి మళ్ళీ వాన పడేసరికి మా పక్కనే బాలాపూర్‌లో గుర్రం చెరువు కట్ట తెగింది. నిండినదాని మీద పడిన కొత్త బరువే అక్కడ కట్టను తెంచింది.

కొండమీది మంచుకు కట్ట వుండదు, పొరలుంటాయి. ఒక్కొక్క హిమపాతం ఒక్కొక్క పొర. నడుమ ఎండకాసిన రోజులు, గడ్డకట్టిన రాత్రులు ఒక్కొక్కటి తమ గుర్తు వదిలి పోతాయి. ఆకాశం నిర్మలంగా వున్న చలిరాత్రులలో మంచు పైభాగాన ఈకల్లాంటి స్ఫటికాలు మొలుస్తాయి, చూడడానికి అద్భుతంగా వుంటాయి. వాటిమీద కొత్త మంచు పడితే అవి లోపల కప్పడిపోయి, గోలీలు పరచి దానిమీద నాపరాయి పెట్టినట్లవుతుంది. పైపొర పలకలా బిగిసి వుంటుంది, కిందిపొరకు పట్టు వుండదు. ఆ పలక మీద మనిషి అడుగు పెడితే చాలు, "వుఫ్" మని కూలబడే శబ్దం, అద్దం పగిలినట్లు చీలిక, తర్వాత వాలంతా ఒక్కుమ్మడిగా జారడం. దీన్నే పత్రికలు మంచు చరియలు విరిగిపడడం అంటాయి. పైనుంచి ఎక్కడో విరిగి వచ్చి పడ్డదని మనం ఊహించుకుంటాము గాని, పదింట తొమ్మిది ప్రమాదాలలో దాన్ని కదిలించినది చిక్కుకున్నవాడో, అతని జట్టువాడో.

గాలి సంగతి చీటీలో చిన్న అక్షరాలలో వుంటుంది, దాన్ని ఎవరూ చూడరు. కొండకు ఒక పక్క పడిన మంచును గాలి ఎత్తుకుపోయి రెండో పక్క పోస్తుంది. ఆకాశం నుంచి పడే వేగానికి ఇది ఎన్నో రెట్లు. కనుక చీటీలో ఇరవై సెంటీమీటర్లని వ్రాసినా, గాలిచాటు వాలులో మీటరు వుండవచ్చు. ఏ వాలు ప్రమాదం? ముప్ఫై డిగ్రీల నుంచి నలభై అయిదు దాకా. మన ఇళ్ళలో మెట్ల వాలు దాదాపు ముప్ఫై డిగ్రీలుంటుంది. అంతకంటె నిటారైతే చాలు, అనుమానించాలి. మరీ నిటారుగా వుంటే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడే రాలిపోతుంది.

మా బడంగ్‌పేట్ వాళ్ళకు డి.ఆర్.డి.ఓ. అంటే కంచన్‌బాగ్ లాబొరేటరీలు, ఇమారత్, క్షిపణులు. అదే సంస్థకు చండీగఢ్ కేంద్రంగా మంచును చదివే లాబొరేటరీ వున్నదని ఇరుగుపొరుగులో చెబితే ఆశ్చర్యపోయారు. పూర్వం సాసే అనేవారు, 2020 నుంచి దాని పేరు డి.జి.ఆర్.ఇ. హిమాలయాలలో సైనికులకూ, యాత్రికులకూ చరియల హెచ్చరికలు ఇచ్చేది వాళ్ళే. కొలరాడోలో ఆ రాష్ట్రపు అవలాంచ్ సమాచార కేంద్రం శీతాకాలమంతా రోజూ ఇస్తుంది.

హెచ్చరికకు అయిదు మెట్లు: తక్కువ, మధ్యమం, గణనీయం, అధికం, అత్యధికం. ఇక్కడొక చిత్రం. ఎక్కువమంది పోయేది నాలుగో మెట్టులోనో అయిదో మెట్టులోనో అనుకుంటాము. అమెరికాలోనూ, యూరప్‌లోనూ అత్యధిక మరణాలు మూడో మెట్టు రోజులవి. నాలుగు, అయిదు అంటే జనం భయపడి గదిలో కూర్చుంటారు. మూడు అనేసరికి మన పరీక్షల్లో మూడో తరగతి లాగా "గట్టెక్కాములే" అనిపిస్తుంది. వాన వెలిసి, ఎండ కాసి, ఆకాశం నీలంగా, వాలు తెల్లగా రారమ్మంటూ వుంటుంది మరి.

గుల్‌మార్గ్ వూరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున వుంది. గొండోలా మొదటి దశ కొంగ్‌డోరీ దాకా, రెండో దశ దాదాపు నాలుగువేల మీటర్ల అఫర్వత్ దాకా తీసుకుపోతుంది. అక్కడ గస్తీ తిరిగే హద్దు దాటితే వాలులన్నీ ఎవరి పూచీ మీద వారివి. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద చరియ విరిగి ఇద్దరు పోలండు దేశస్థులు పోయారు. 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ పోయాడు. ఇద్దరు ముగ్గురు కలిసి కొత్త మంచు వెంట వెళ్ళే అనుభవజ్ఞులకే ఇట్లా అయితే, మొదటిసారి స్కీలు కట్టుకున్నవాడి సంగతి చెప్పనక్కరలేదు.

భయపెట్టి ఆపడానికి ఇదంతా వ్రాయలేదు. నేర్చుకునేవాళ్ళు తిరిగే వూరి దగ్గరి పిల్లవాలులలో ఈ ప్రమాదం లేనట్లే. అక్కడ పడితే నడుము నొప్పే. పైకి పోదలచినవాళ్ళు మాత్రం ప్రొద్దున గొండోలా కౌంటరు దగ్గర రెండో దశ తెరిచారా, మూశారా అని అడగండి. మూశామంటే పోట్లాడకండి. పెద్ద రిసార్టులలో తెల్లవారుజామున మందుపాతరలు పేల్చి, ఆ చరియలను ముందే కిందికి దించిన తర్వాతనే పై లిఫ్టులు నడుపుతారు. ఆలస్యానికి కారణం అదే. హద్దు దాటేవాడి ఒంటి మీద 457 కిలోహెర్ట్జ్ ట్రాన్సీవరూ, సంచిలో పారా, పొడవాటి గుచ్చుడు కడ్డీ వుండాలి. వెంట వున్నవాడి దగ్గరా వుండాలి, ఎందుకంటే త్రవ్వి తీయవలసింది అతనే. కప్పడిపోయిన మనిషికి మొదటి పది, పదిహేను నిమిషాలే కాలం. తర్వాత బ్రతికే అవకాశం నిట్టనిలువునా పడిపోతుంది. కబురు అంది సహాయక దళం వచ్చేసరికి చాలాసార్లు అంతకంటె ఎక్కువే పడుతుంది.

ఇక చీటీలో కొత్త మంచు సున్నా అని వున్న రోజులు కూడా ఎక్కువవుతున్నాయి. 2024 జనవరిలో గుల్‌మార్గ్ గోధుమరంగు గడ్డితో బోసిగా కనిపించింది. 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాలపు పోటీలను మంచు చాలక మార్చికి జరిపారు. కాబట్టి టిక్కెట్లు కొనేముందే ఆ వారం అంకెలు చూసుకోవడం మంచిది. డిసెంబరు సెలవులకంటె జనవరి చివర, ఫిబ్రవరి నెలల్లో మంచు దొరికే అవకాశం ఎక్కువ. అప్పుడు మన యూనివర్సిటీ పరీక్షలు ఎప్పుడో అది మాత్రం నన్నడగకండి.