పాత కారుకు కొత్త షాకబ్జర్లు

మన సిబ్బందిలో పాత కారును వదులుకోలేనివాళ్ళు ప్రతి ప్రాంతీయ కార్యాలయానికీ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నేనూ ఆ జాబితాలోవాణ్ణే. నా దగ్గరున్నది ఫియట్ పాలియో 1.6. రెండు సీట్ల అసలుసిసలు స్పోర్ట్స్ కారు కాదు గానీ, 2001లో పాలియో మన దేశానికి వచ్చినప్పుడు అంత చిన్న కారులో 100 హార్స్‌పవర్ ఇంజిన్ అంటే, మధ్యతరగతికి అందిన స్పోర్ట్స్ కారు అదే. సచిన్ టెండూల్కర్ పేరు మీద ఎస్10 అని కొన్నింటిని ప్రత్యేకంగా కూడా చేశారు. ఇప్పుడు ఫియట్ కార్లు ఇక్కడ అమ్మడం లేదు. షాకబ్జర్లు పోతే షోరూముకు వెళ్ళి "అవే ఇవ్వండి" అనే వీలు లేదు, ఎంపిక మనమే చేసుకోవాలి. హోండా సిటీ వీటెక్, ఆక్టేవియా ఆర్ఎస్ లాంటివి దాచుకున్నవారికి కూడా ఈ మాటలు పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు రోడ్డు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎంపిక అక్కడే మొదలవుతుంది. నేను పనిచేసే జోల్వా సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో ఉంది. హజీరా నుంచి ధూలే వైపు పోయే 53వ జాతీయ రహదారి, ముంబై–అహ్మదాబాద్ దారి అయిన 48వ రహదారి కలిసే చోటు మాకు దగ్గరే. నూలు, బట్ట మోసే లారీలకు పగలూ రాత్రీ తేడా లేదు. పెద్ద రోడ్డు మీద వంద వేగంతో పోవచ్చు. పక్కకు దిగి మిల్లుల సందులోకి తిరిగితే, వానాకాలం వెళ్ళాక కారు పడవలా ఊగుతుంది. ఒకే ప్రయాణంలో రెండు రకాల రోడ్లు. మన జిల్లా కేంద్రాల్లో చాలావాటి పరిస్థితీ ఇదే కదా.

ఇక అసలు విషయం. గతుకు దెబ్బను తీసుకునేది షాకబ్జర్ కాదు, స్ప్రింగు. కారు బరువు మోసేదీ స్ప్రింగే. మన భాషలో చెప్పాలంటే స్ప్రింగు డిపాజిట్ లాంటిది, లోపల వేసిన శక్తిని దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. అలా ఇస్తూ పుచ్చుకుంటూ కారు ఎగురుతూనే ఉంటుంది. ఆ ఖాతాను మూసేది షాకబ్జర్. లోపల పిస్టన్ కదిలినప్పుడల్లా నూనె సన్నని రంధ్రాల గుండా, వాల్వుల గుండా నెట్టుకుపోవాలి. ఆ రాపిడిలో ఊపు వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. గతుకుల రోడ్డు మీద చాలాసేపు నడిపాక షాకబ్జర్‌ను తాకితే చెయ్యి కాలేది అందుకే.

అది అదుపు చేయాల్సినవి రెండు. కారు శరీరం మామూలుగా సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. చక్రం మాత్రం సెకనుకు పది పన్నెండు సార్లు అదురుతుంది. మనకు తెలిసేది మొదటిది, ప్రమాదం తెచ్చేది రెండోది. బ్రేకు వేసిన క్షణంలో చక్రం నేలకు ఆనకుండా అదురుతూ ఉంటే బ్రేకు ఎంత మంచిదైనా కారు ఆగదు. ముందు లారీ ఉన్నప్పుడు ఆ నాలుగు అడుగులే లెక్క.

పోయాయని ఎలా తెలుసుకోవాలి? బానెట్ మీద నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టడం అందరూ చేసే పరీక్ష. పూర్తిగా చచ్చిన షాకబ్జర్‌ను అది పట్టిస్తుంది, సగం చచ్చినదాన్ని పట్టించదు. దానికన్నా టైరును అరచేత్తో తడిమి చూడండి. చుట్టూ అక్కడక్కడా గుంటలు పడ్డట్టు అరిగి ఉంటే అనుమానించాలి. బ్రేకుకు ముక్కు బాగా కిందికి వంగినా, మలుపులో గతుకు తగిలితే వెనకభాగం పక్కకు జరిగినా అనుమానించాలి. ఒంటి మీద సన్నని నూనె తడికి భయపడక్కర్లేదు. కారుతూ మట్టి పట్టి ఉంటే మాత్రం దాని పని అయిపోయినట్టే.

కొనడానికి దుకాణానికి వెళ్తే వినిపించే మొదటి మాట: "స్పోర్ట్స్ కారు కదా సార్, టైట్‌గా ఉన్నవి వేయండి." నాకు బొత్తిగా నచ్చని మాట ఇది. గట్టి షాకబ్జర్ నున్నటి రేసు ట్రాక్ మీద, దానికి తగ్గ గట్టి స్ప్రింగులతో బాగుంటుంది. పాత మెత్తని స్ప్రింగుకు దాన్ని తగిలిస్తే, గతుకులో పైకి లేచిన చక్రం కిందికి దిగడానికి టైం పడుతుంది. దిగేలోపే ఇంకో గతుకు వస్తుంది. ఇలా వరసగా నాలుగు గతుకులు వస్తే చక్రం పైనే చిక్కుకుపోతుంది, టైరు నేల మీద గంతులు వేస్తుంది. డ్రైవరుకు మాత్రం "బిగువుగా ఉంది, పట్టు పెరిగింది" అనిపిస్తుంది. నిజానికి తగ్గింది.

రకాల్లో ప్రధానమైనవి రెండు. గొట్టంలో గొట్టం ఉండే ట్విన్ ట్యూబ్ మన కార్లలో ఎక్కువ. పాతవాటిలో నూనె మాత్రమే ఉంటుంది. వేడెక్కి బుడగలు కడితే ఆ నూనె పట్టు తప్పుతుంది. అదే గొట్టంలో తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ నింపితే నురగ తగ్గుతుంది. రెండో రకం మోనో ట్యూబ్. ఒకే గొట్టం, నూనెకూ గ్యాస్‌కూ మధ్య తేలే పిస్టన్, చాలా ఎక్కువ ఒత్తిడి. వేడి త్వరగా బయటికి పోతుంది, పని కచ్చితంగా ఉంటుంది. ధర ఎక్కువ, రోడ్డు కరుకుదనం కొంచెం లోపలికి తెలుస్తుంది. జర్మనీ కంపెనీ బిల్‌స్టీన్ పేరు తెచ్చుకున్నది ఈ రకంతోనే. వాళ్ళ బి6 మామూలు ఎత్తు స్ప్రింగులకు, బి8 కిందికి దించిన స్ప్రింగులకు. ఈ తేడా చూడకుండా పేరు చూసి తెప్పించుకుంటే డబ్బు దండగ. నెదర్లాండ్స్‌కు చెందిన కోనీ పసుపు రంగువాటిలో గట్టిదనాన్ని తిప్పి సరిచేసుకోవచ్చు. ఇంటి దగ్గర ప్రయోగాలు చేసే ఓపిక ఉన్నవారికి అవి.

మన దగ్గర అందరికీ తెలిసిన గేబ్రియల్ 1961 నుంచి ఇక్కడ ఉంది. అమెరికాలో ఆ పేరు మొదట మోగింది కారు హారన్ల మీద, షాకబ్జర్లు తర్వాత వచ్చాయి.

నేను ఎంచుకున్నది మామూలు ఎత్తు, గ్యాస్ నింపిన ట్విన్ ట్యూబ్. స్ప్రింగులు పాతవే, ఎత్తు కొలిచి చూస్తే రెండు పక్కలా సమానంగా ఉన్నాయి కాబట్టి మార్చలేదు. సాపుతారా ఘాటు ఎక్కి దిగినా, మిల్లు సందుల్లో తిరిగినా కారు తొణకడం లేదు.

నూనె మార్చి వెల్డింగ్ చేసి ఇచ్చే పాత షాకబ్జర్లు ప్రతి ఊళ్ళోనూ సగం ధరకు దొరుకుతాయి. వాల్వు అరిగిందా లేదా ఎవరూ చూడరు, రెండు పక్కలా ఒకేలా పనిచేస్తాయన్న నమ్మకం లేదు. నేనైతే వాటి జోలికి పోను. ఏళ్ళ తరబడి అరలో పడి ఉన్న కొత్త సరుకునైనా సీలు గట్టిపడిందేమో చూసి తీసుకోండి. ముందు రెండూ లేదా వెనక రెండూ కలిపే మార్చాలి. బీమాలో వస్తుందా అని ఒక మిత్రుడు అడిగారు. అరుగుదలకు మోటారు పాలసీ వర్తించదు, ఖర్చు మన జేబులోదే.

బిగించేటప్పుడు పక్కన నిలబడండి. పై మౌంటు, బేరింగు, బంప్ రబ్బరు, దుమ్ము తొడుగు కూడా కొత్తవి వేయించండి. పాతవాటి మీదే కొత్త షాకబ్జర్ కూర్చోబెడితే టకటక శబ్దం మళ్ళీ వస్తుంది. ట్విన్ ట్యూబ్‌ను నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగాకే ఎక్కించాలి, లేకపోతే గొట్టాల్లో చిక్కిన గాలి వల్ల మొదట్లో వదులుగా అనిపిస్తుంది. నట్టు తిరగకుండా మెరిసే రాడ్‌ను పట్టకారుతో పట్టుకోబోతే ఆపండి. ఒక్క గీత పడితే సీలు చిరిగి నెలలోనే నూనె కారుతుంది. అడుగున రబ్బరు బుష్‌ల బోల్టులను కారు జాకీ మీద ఉండగా వదులుగానే ఉంచి, నాలుగు చక్రాలూ నేల మీద నిలిచాక బిగించమనండి. ముందువి మార్చితే అదే రోజు వీల్ అలైన్‌మెంట్, ఓ ఐదు వందల కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి.