చాక్లెట్ – మితాహారము

మన జుక్కల్ ప్రాంతపు పల్లెలలో 'చాక్లెట్' అనే మాటకు అర్థం చాలా విశాలమైనది. కిరాణా దుకాణంలోని సీసాలో రంగుకాగితం చుట్టుకొని ఉండే ప్రతి తీపి బిళ్ళా మనకు చాక్లెట్టే. పుట్టినరోజున తరగతిలో పంచేదీ, ఆగస్టు 15న జెండా వందనం పిమ్మట పిల్లల చేతిలో పడేదీ అదే. నిజానికి వానిలో అనేకం చక్కెర పాకంతో చేసినవి. కోకో లేశమైనా లేనివి. ఈ భేదాన్ని గ్రహించనిదే చాక్లెట్ మంచిదా, చెడ్డదా అనే ప్రశ్నకు సరియైన సమాధానం లభించదు.

అసలైన చాక్లెట్‌కు మూలం కోకో గింజ. అమెరికా ఖండపు ఉష్ణమండలంలో పుట్టిన ఈ చెట్టుకు 1753లో లిన్నేయస్ 'థియోబ్రోమా', అనగా 'దేవతల ఆహారం' అని నామకరణం చేశాడు. నేడు ఆంధ్రప్రదేశ్‌లోని ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల రైతులు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలలో దీనిని అంతరపంటగా పండిస్తున్నారు. ఒక్కొక్క కాయలో తెల్లని గుజ్జు నడుమ సుమారు 30 నుండి 40 గింజలుంటాయి. వానిని కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి నూరితే కోకో ముద్ద తయారవుతుంది. అది మిక్కిలి చేదు. మనం మెచ్చుకొనే తీపి అంతా పిదప చేర్చిన చక్కెరదే.

కోకోలో ఫ్లావనాల్స్ అనే పదార్థాలున్నాయి. రక్తనాళాలు చక్కగా వ్యాకోచించడానికి అవి తోడ్పడతాయని పరిశోధనలు తెలుపుతున్నాయి. అంతమాత్రాన చాక్లెట్‌ను ఔషధంగా భావించరాదు. తయారీలో ఫ్లావనాల్స్ చాలా భాగం నశిస్తాయి. పైగా 100 గ్రాముల పాలచాక్లెట్‌లో సుమారు 50 గ్రాముల చక్కెర, 530 కాలరీల శక్తి ఉంటాయి. ఆ చక్కెరలో కొద్ది భాగం మాత్రమే పాలలో సహజంగా ఉండేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 2,000 కాలరీల ఆహారం తీసుకొనే వ్యక్తికి, ఆహారంలో కలుపుకొనే చక్కెర 50 గ్రాములు మించరాదు. 25 గ్రాముల లోపే అయితే మరింత మేలు. ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. నిండు చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు. కప్పుకు రెండు చెంచాల వంతున మూడు కప్పుల చాయ్ తాగితే 30 గ్రాములు అక్కడే పూర్తయింది. దానిపై 40 గ్రాముల పాలచాక్లెట్ తింటే మరో 20 గ్రాములు చేరుతుంది. ఇక ఈద్‌నాటి షీర్‌ఖుర్మా, ఉగాదినాటి భక్ష్యాలు ఈ లెక్కకు అదనమే కదా!

కాబట్టి చాక్లెట్‌ను బహిష్కరించనక్కరలేదు. దాని స్థానంలో దానిని ఉంచాలి. భోజనానంతరం ఒకటి రెండు చిన్న ముక్కలను నెమ్మదిగా ఆస్వాదించవచ్చు. రోజంతా మాటిమాటికీ తీపి బిళ్ళలు చప్పరిస్తే నోటిలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆమ్లంగా మార్చి పళ్ళను తొలిచివేస్తాయి. కొనేముందు కాగితంపై ముద్రించిన పదార్థాల పట్టికను చదవండి. ఎక్కువ పరిమాణంలో ఉన్నది అందులో ముందుగా ఉంటుంది. చక్కెర మొదట ఉండి, కోకో ఎక్కడో చివర ఉంటే మీరు కొంటున్నది ప్రధానంగా చక్కెరే. మధుమేహం ఉన్నవారు వైద్యుని సలహాను పాటించాలి.

విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసినది మరొకటి ఉంది. ఉదయం ఏమీ తినక పొరుగూళ్ళ నుండి బస్సెక్కి వచ్చి, ఆకలి వేసినప్పుడు చాక్లెట్‌తో సరిపెట్టుకోవడం శరీరానికి అన్యాయం చేయడమే. గుప్పెడు పల్లీలలో, అనగా 25 గ్రాములలో, సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. ఎదిగే వయస్సుకు కావలసినవి అవి. ఆకలికి అన్నం, రొట్టె, పప్పు, పల్లీలు. సంతోషానికి చిన్న చాక్లెట్ ముక్క. ఉర్దూలో 'ఏతెదాల్' అన్నా, తెలుగులో మితమన్నా ఆహార విషయంలో మనకు కావలసిన నియమం ఇదే.