పంట తెగుళ్ళ ఛాయాచిత్రాలలో నాయిస్: తగ్గింపు, చేర్పు, పాటించవలసిన జాగ్రత్తలు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో పత్తి, పసుపు, వరి పైర్లపై చీడపీడలు కనిపించినప్పుడు రైతులు సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి శాస్త్రవేత్తలకు పంపడం పరిపాటి అయినది. వానాకాలంలో మబ్బు పట్టిన వేళ, పొద్దు వాలిన తరువాత లేదా ఆకుల అడుగు భాగాన తీసిన చిత్రాలు తరచుగా గరుకుగా, రంగు చుక్కలతో నిండి ఉంటాయి. ఈ అవాంఛిత చుక్కలనే 'నాయిస్' అంటారు. దీనిని తొలగించే క్రమంలో తెగులు లక్షణమే చెరిగిపోయే ప్రమాదం ఉన్నందున విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ ప్రక్రియను క్షుణ్ణంగా తెలుసుకోవాలి.

నాయిస్‌కు కారణాలు

వెలుతురు తగ్గినప్పుడు కెమెరా సెన్సార్‌పై పడే కాంతి కణాల సంఖ్య తగ్గి, పిక్సెళ్ళ విలువలలో హెచ్చుతగ్గులు ప్రస్ఫుటమవుతాయి. ఐఎస్ఓ పెంచినట్లయితే చిత్రంతో పాటు ఈ హెచ్చుతగ్గులు కూడా అధికంగా కనిపిస్తాయి. కదలని నమూనాను ఒకే కోణంలో 4 సార్లు చిత్రీకరించి సగటు తీసినచో యాదృచ్ఛిక నాయిస్ సగానికి, 16 సార్లయితే నాలుగో వంతుకు తగ్గుతుంది. ఈ పద్ధతి ప్రయోగశాలకు అనువైనదే గాని, గాలికి కదిలే ఆకులకు సరిపడదు.

తగ్గించే విధానం

ఉచితంగా లభించే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్‌లోని 'డిస్పెకిల్' ఆదేశం 3×3 మీడియన్ ఫిల్టర్‌ను వినియోగిస్తుంది. 9 పిక్సెళ్ళ విలువలను వరుసక్రమంలో అమర్చి, మధ్యదైన 5వ విలువను స్వీకరిస్తుంది. అందువలన విడిగా ఉన్న నలుపు, తెలుపు చుక్కలు మాయమవుతాయి.

అయితే పసుపులో కొల్లెటోట్రైకం శిలీంధ్రం వలన వచ్చే తాటాకు మచ్చ తెగులును గుర్తించడానికి మచ్చ మధ్యలోని బూడిద రంగు భాగంలో వలయాలుగా ఉండే సూక్ష్మమైన నల్లని చుక్కలే ఆధారం. 30 సెం.మీ. ఆకు 3000 పిక్సెళ్ళలో ఇమిడితే ఒక పిక్సెల్ 0.1 మి.మీ.కు సమానం. అదే చిత్రం 1000 పిక్సెళ్ళకు కుదించబడితే 0.3 మి.మీ. అవుతుంది. అప్పుడు ఒక్క పిక్సెల్‌కు పరిమితమైన శిలీంధ్రపు చుక్కకు, నాయిస్‌కు ఫిల్టర్ భేదం చూపలేదు.

చేర్చే విధానం

తెగుళ్ళను గుర్తించే కంప్యూటర్ నమూనాల శిక్షణకు నాయిస్‌ను ఉద్దేశపూర్వకంగా చేరుస్తారు. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 54,306 ఆకు చిత్రాలతో శిక్షణ పొందిన నమూనా అదే సముదాయపు చిత్రాలపై 99 శాతానికి పైగా ఖచ్చితత్వం చూపినా, భిన్న పరిస్థితులలో తీసిన చిత్రాలపై అది సుమారు 31 శాతానికి పడిపోయింది. నేపథ్యం, వెలుతురు మొదలగు అనేక తేడాలలో నాయిస్ ఒకటి మాత్రమే కావున, దానిని చేర్చినంత మాత్రాన క్షేత్ర చిత్రాల కొరత తీరదు.

సూచనలు

• తెగులు నిర్ధారణకు మూల చిత్రాన్నే పరిశీలించాలి. దానిని మార్చకుండా భద్రపరచాలి.
• శిక్షణ, పరీక్ష చిత్రాలను ముందుగా వేరుచేసి, శిక్షణ చిత్రాలకే నాయిస్ చేర్చాలి.
• వాడిన ఫిల్టర్, దాని పరిమాణం పరిశోధనా పత్రంలో పేర్కొనాలి.
• సందేహమున్నచో ఫిల్టర్‌పై ఆధారపడక, పగటి వెలుతురులో దగ్గరగా తీసిన మరో చిత్రాన్ని గాని, ఆకు నమూనాను గాని రైతు నుండి కోరాలి. నిర్ధారణ తప్పితే మందు ఖర్చు, పంట నష్టం రైతే భరించవలసి వస్తుంది.