గడ్డిలోని పగవాడు

వేసవి సెలవులలో నొకనాటి మధ్యాహ్నము నేను పడసాలలో కూర్చుండి చాటలో కొఱ్ఱలు చెరుగుచుంటిని. లోపలి గదినుండి మా మనుమడు "అవ్వా, మళ్ళీ ఎన్‌కౌంటరయింది!" అని కేకవేసెను. మన తెలుగునాట ఆ మాటకు గల యర్థము సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఏ యూరివానిని కాల్చిరో, ఏ తల్లి కడుపు మండినదో యని గుండె దడదడలాడ, చాట క్రిందబెట్టి లోపలికి పరుగెత్తితిని. చూతునుగదా, వాని చేతిలో వాళ్ళ నాయన సెల్లుఫోను. అందులో బొటనవ్రేలంత బొమ్మమనిషి యొకడు పచ్చని గడ్డిలో నిలుచుండెను. వాని యెదుట ఎలుకవంటి జంతువొకటి పండ్లు కొరుకుచుండెను. నా ముఖము చూచి పిల్లవాడు పొట్ట పట్టుకొని నవ్వెను. "కాల్చేది కాదవ్వా. దారిలో శత్రువు ఎదురుపడితే దానికి ఆ పేరు."

ఆ ఫోను విషయమై మా యింట నప్పటికే యొక వ్యాజ్యము నడుచుచుండెను. "పెట్టెలో వేసి తాళం పెట్టండత్తా" అని కోడలు. ఎండలో గుట్టలవెంట తిరుగుటకంటె మేలు గదా యని కుమారుడు. తీర్పు చెప్పవలసిన పెద్దదానను నేను. ఎఱుగని దానిపై తీర్పు చెప్పుట న్యాయము కాదని తలచి, వారము దినములు వాని ప్రక్కనే కూర్చుండి చూచితిని, అడిగితిని, తుదకు నా చేతను గూడ వాడు ఆడించెను. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగము చేయు నా చెల్లెలి కొడుకు సెలవునకు వచ్చినపుడు పూర్వవృత్తాంతమంతయు చెప్పెను. పిల్లల భుజముమీదుగా ఆ వెలుగును మాత్రము చూచి నిట్టూర్చు తల్లులు నావలె అనేకులుందురు గనుక ఇది వ్రాయుచున్నాను.

ఇట్టివానికి రోల్ ప్లేయింగ్ గేములని పేరు; ఒక పాత్ర ధరించి యాడు నాటలని భావము. ధర్మవరము దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాడించువారు ఒక్క నోటితోనే రామునికిని రావణునికిని మాటలిత్తురు. ఇచ్చట ఆడువాడు కథానాయకుని బొమ్మను పట్టుకొని ఊరూర తిరుగును, అంగడిలో కత్తి కొనును, జనులతో మాటలాడును, శత్రువులతో పోరాడును. పోరు గెలిచినకొలది అనుభవమని కొన్ని అంకెలు చేరి బలము పెరుగును. కథ ఎంత చక్కనిదైనను, శత్రువు ఎప్పుడు, ఎచ్చట, ఏ విధముగ నెదురుపడునన్న దానిమీదనే ఆట రుచి యంతయు నిలిచియున్నది. పప్పు ఎంత ఉడికినను ఉప్పు తప్పినచో తినలేము గదా!

ఈ సంగతి మనకు క్రొత్తది కాదు. మా యూరి రచ్చకట్ట బండమీద పులిమేక పటము చెక్కియున్నది. ఇరువదిమూడు కూడళ్ళు, మూడు పులులు, పదునైదు మేకలు. మేకలవాడు ఒక్కొక్క మేకను పటముమీద దించుచుండగా నడుమ నడుమ పులి కదలుచుండును. అన్ని మేకలును దిగువరకు ఏ మేకయు చోటు కదలరాదు. ప్రక్కనున్న మేకను దాటి ఆవలి కూడలి ఖాళీగ నున్నచో పులి దుమికి దానిని తినివేయును. మేకలు పులిని చంపలేవు. చుట్టుముట్టి కదలకుండ కట్టివేయుటే వాని గెలుపు. ఇందు అదృష్టమునకు చోటు లేదు. పులి కన్నుల యెదుటనే యుండును. వైకుంఠపాళి దీనికి సరిగ వ్యతిరేకము. అచ్చట పాము ఎచ్చటనున్నదో పసిబిడ్డకును కనబడును, కాని పోయి దాని నోట పడుట మన చేతిలో లేదు. గవ్వలు చెప్పినట్లు నడువవలసినదే. మనుమని యాటలో పాము కనబడదు, అడుగు మాత్రము మనదే. ఈ మూడవ విధమే నాకు వింతగ తోచినది.

దీనికి మూలము కాగితముమీదను, పాచికలతోను ఆడిన యొక యాట. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను దానిని ప్రకటించిరి. నేలమాళిగలలో తిరుగువారికి ప్రతి వంతు చివరను ఆట నడుపు పెద్ద ఆరు ముఖముల పాచిక వేయును. ఆరు పడెనా, తిరుగాడు భూతమొకటి ఎదురైనట్లు. తడవు చేసినకొలది పాచిక మరల మరల పడును గనుక ఒకచోట కూర్చుండి కాలక్షేపము చేయుటకు వీలులేదు. ఆ పాచికనే కంప్యూటరు లోపల దాచిరి. 1986లో జపానులో యూజీ హోరీ రూపొందించిన డ్రాగన్ క్వెస్ట్ అను నాటలో నాయకుడు ఒంటరివాడు. ఎదురగు శత్రువును ఒక్కటే. పొలమున అడుగు వేసినపుడెల్ల యంత్రము లోలోపల పాచిక వేసికొనును. మైదానముననైన తక్కువ, కొండలలోను అడవులలోను ఎక్కువ. ఎదురుపడినపుడు నాలుగే దారులు: కొట్టుట, మంత్రము వేయుట, సంచిలోని వస్తువు వాడుట, పారిపోవుట. వంతెన దాటినచో ఆవలి శత్రువులు అమాంతముగ బలవంతులై యుందురు. ఊరిబయట వంక దాటి పోవలదని మా అవ్వ చిన్ననాట బెదరించిన మాట జ్ఞప్తికి వచ్చినది. ఓడినవాడు రాజుగారి సన్నిధికి తిరిగివచ్చును; సంచిలోని సొమ్ము సగము పోవును, నేర్చిన యనుభవము మాత్రము పోదు. ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది.

మా వాని గడ్డియాట 1996లో వెలువడిన పోకెమాన్ అను దాని కోవకు చెందినది. అందు పొడవాటి గడ్డి యున్నచోటనే జంతువు లెదురగును. బాటవెంట నడచినచో రావు. గుహలలోనైన అడుగడుగున భయమే. రిపెల్ అను మందు చల్లుకొన్నచో నూరు అడుగులవరకు మనకంటె తక్కువ బలము గలవి దరిజేరవు. బలవంతమైనవి వచ్చుచునే యుండును. దోమలకు వేపాకు పొగ వేసినను తేలు రాక మానునా?

పదేపదే కనబడని శత్రువులు అడ్డగించుట చాలమందికి విసుగు పుట్టించినది. అందువలన కొందరు శత్రువును వెలికి తెచ్చిరి. 1994లో జపానున మదర్ 2 అను పేర వెలువడిన ఎర్త్‌బౌండ్ ఆటలో శత్రువులు వీధిలోనే తిరుగుచు కనబడుదురు. వెనుకనుండి పోయి తాకినచో మొదటి దెబ్బ మనది, మన వెనుకకు వారు వచ్చినచో వారిది. మనము బాగుగ బలపడిన పిమ్మట దుర్బలులు మనలను చూచి పారిపోవుదురు. మరుసటి యేటి క్రోనో ట్రిగ్గర్‌లో శత్రువు నిలిచిన తావుననే పోరు సాగును. 2006లో వచ్చిన ఆబ్లివియన్ అను నాటలో మాత్రము మనము పెరిగినకొలది శత్రువులును పెరుగుదురట. జీతము పెరిగినకొలది ఖర్చు పెరుగు సంసారమువలె నున్నదని నేననగా చెల్లెలి కొడుకు, ఆడినవారును ఆ మాటయే యని గొణగిరని చెప్పెను.

వాడు చెప్పినవానిలో నా మనస్సును పట్టినది 2015లో టోబీ ఫాక్స్ అను యువకుడు చేసిన అండర్‌టేల్. అందు ఎదురుపడిన ఏ శత్రువునైనను చంపకుండ విడిచిపెట్టవచ్చును. ఒకనికి మెప్పుమాట కావలెను, ఒకనికి నవ్వు కావలెను. అది కనిపెట్టినచో పోరు ముగియును. చంపుటయే పనిగ పెట్టుకొని వెదకి వెదకి అందరిని చంపినవానికి కొంతసేపటికి ఎవరును ఎదురుపడరు, ఊరంతయు ఖాళీ. ఇది విన్న రాత్రి నాకు చాలసేపు నిద్రపట్టలేదు.

ఇక అసలు సంగతి. ఒకనాటి సాయంకాలము పిల్లవాడు గుహలో నడుచుచు, "చాలాసేపయింది అవ్వా, ఇంక వస్తుంది చూడు" అనెను. నాలుగడుగులలో శత్రువు వచ్చెను. మరల నట్లే జరిగెను. వీనికి జోస్యము వచ్చునా యని విస్మయపడితిని. చెల్లెలి కొడుకు విప్పిచెప్పెను. ఉత్త పాచికనే నమ్మినచో ఒక్కొక్కసారి రెండడుగులకు రెండు పోరులు వచ్చును, ఒక్కొక్కసారి నూరడుగులవరకు ఏమియు రాదు. అది ఆడువారికి అన్యాయముగ తోచునని, 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 మొదలగు వానిలో అపాయపు లెక్కయొకటి లోపల నుంచిరి. అడుగడుగునకు ఆ లెక్క పెరుగును. పెరిగినకొలది శత్రువు వచ్చు నవకాశము హెచ్చును. పోరు కాగానే లెక్క సున్నకు దిగును. కావున "చాలసేపయినది గనుక వచ్చును" అను మాట అట్టి యాటలో నిజమే.

ఆ రాత్రి భోజనములకడ మా కుమారుడు విత్తనపు ముచ్చట తెచ్చెను. కళ్యాణదుర్గము వైపు మెట్టపొలము మాది. పడమటి కనుమలు నైరుతి మేఘముల నడ్డగించును. సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానయు మాకు సరిగ నందదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన యందురు, అదియు వేళకు రాదు. వేరుసెనగ ఊడలు దిగు దినములలో మూడు వారములు మొగము చాటువేసెనా, చెట్టు పచ్చగనే యుండును, క్రింద కాయ యుండదు. వరుసగ మూడేండ్లు మాకట్లే పోయినది. "మూడేండ్లు పోయింది కాబట్టి ఈ యేడు తప్పక పండుతుంది. అయిదెకరాలూ శనక్కాయే వేద్దాం" అని, విత్తనమునకై భార్య గాజులు బ్యాంకులో కుదువబెట్టుదునని వాడనెను. కోడలు తలవంచుకొని మజ్జిగ పోయుచుండెను. ఆ గాజులు ఆమె పుట్టింటివారు పెట్టినవి. మూడేండ్లలో రెండుసార్లు పోయి వచ్చినవి.

అన్నము కలుపుకొనుచున్న పిల్లవాడు తల యెత్తి, "నాయనా, ఆటలో లెక్క రాసిపెట్టినారు కాబట్టి వస్తుంది. వానకు లెక్క ఎవరు రాసిపెట్టినారు?" అనెను.

వాళ్ళ నాయనకు కోపము వచ్చినది. ఆటకును సేద్యమునకును పోలికయా యని కసరెను. నేను మాటలాడలేదు. పోయిన యేటి బాకీ ఈ యేడు తీర్చవలెనని మేఘమునకు నియమము లేదని వానికి తెలియనిది కాదు. తెలిసియు, మూడు దెబ్బలు తిన్నవాడు నాలుగవది తప్పునని నమ్మక యెట్లు నిదురించును? మరునాడు తెల్లవారుజామున తానే నా యొద్దకు వచ్చి, "అమ్మా, ఆ పిల్లోడు అన్నది నిజమేనా?" అని యడిగెను. ఉత్త పాచికకు జ్ఞాపకము లేదని చెల్లెలి కొడుకు నాకు చెప్పినదే వానికి చెప్పితిని.

ఆ యేడు మూడెకరములలో వేరుసెనగయు, నడుమ కంది సాళ్ళును, రెండెకరములలో కొఱ్ఱయు వేసిరి. గాజులు ఇల్లు కదలలేదు. వాన చాలినంత రాలేదు, బొత్తిగ రాకయు పోలేదు. వేరుసెనగ పెట్టుబడిని మాత్రము తేల్చినది; కొఱ్ఱలు ఇంటికి వచ్చినవి.

ఫోను వ్యాజ్యములో నా తీర్పు ఇది: దీపాలు పెట్టిన పిమ్మట ఒక గంట; అన్నము వేళ లేదు. మఱియొకటి తల్లులు గమనింపవలెను. ఫోనులలోని అనేక యాటలు అరుదైన జంతువు, మేలైన కత్తి దొరకునని ఆశచూపి మూతపెట్టిన పెట్టెలను డబ్బునకు అమ్మును; లోపల నేమున్నదో కొన్న పిదపగాని తెలియదు. అట్టివి కొన్ని జూదమేయని బెల్జియము 2018లో తేల్చినది. కావున ఆ ఫోనులో డబ్బు చెల్లించు ఏర్పాటులన్నియు కుమారునిచేత తీసివేయించితిని. గంట ముగిసిన తరువాత పిల్లవాడు నాతో పులిమేక ఆడును. పులులు నావి. నిన్నటి ఆటలో నాలుగు మేకలనైన తినకమునుపే మూడింటిని మూలకు కట్టివేసెను.