మనకు వద్దు, పక్కవాళ్లకు ముద్దు: ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే యాప్ ఎలా ఉండాలి?



పోయిన వేసవిలో ఆచ్ఛాదన కోసం ఎండుటాకులు వెతుక్కుంటూ తిరిగాను. మా పొలంలో నేల బోసిగా ఉంది, ఎండకి నెర్రెలిచ్చింది. అదే వారం టౌన్లో ఒక వీధిలో వేపాకు, మామిడాకు కుప్ప పోసి నిప్పు పెడుతున్నారు. బండి ఆపి అడిగితే, "మీకు కావాలని తెలిస్తే గోనెసంచుల్లో నింపి ఉంచేవాళ్లం కదండీ, ఎవరికి కావాలో మాకేం తెలుసు?" అన్నారు ఆ ఇంటావిడ.

నిజమే కదా. వద్దనుకునేవాళ్లు ఒకచోట, కావాల్సినవాళ్లు ఇంకోచోట. మధ్యలో కబురు అందడం లేదు. ఆ కబురు అందించడానికే కొన్ని దేశాల్లో యాప్‌లు పెట్టుకున్నారు. వాటిలో ఒకటి ఓలియో. దాని కథ మన రైతులు తెలుసుకోవాల్సిందే.

టెస్సా క్లార్క్ అనే ఆవిడ ఇంగ్లండులో పాడి రైతు కూతురు. 2014లో స్విట్జర్లాండ్ నుంచి ఇల్లు ఖాళీ చేసి వస్తుంటే కొంచెం తిండి మిగిలింది. సామాన్లు సర్దేవాళ్లు పారేయమన్నారు. పంట వెనకాల కష్టం ఎంతో తెలిసిన మనిషి, పారేయబుద్ధి కాలేదు. వీధిలోకి తీసుకెళ్లి ఎవరికైనా ఇద్దామని చూస్తే తీసుకునేవాళ్లు దొరకలేదు. తర్వాత సాషా సెలెస్టియల్ వన్ అనే స్నేహితురాలితో కలిసి 2015లో ఉత్తర లండన్లో ఆ యాప్ మొదలుపెట్టారు.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే, వాళ్లు ముందే యాప్ కట్టలేదు. దగ్గర దగ్గరగా ఉండే 12 మందిని ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి, రెండు వారాలు మిగిలిన తిండి పెట్టమన్నారు. మొదట చేతులు మారింది అర సంచి చిన్న ఉల్లిపాయలు! ఆ 12 మందీ బాగుందని చెప్పాకే యాప్ పని పట్టుకున్నారు.

మిగతావి కూడా అంతే. ఫ్రీసైకిల్ 2003లో అమెరికాలోని టూసాన్‌లో డెరాన్ బీల్ అనే ఆయన ఈమెయిళ్లతో మొదలుపెట్టింది. బై నథింగ్ 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇద్దరు మహిళలు ఫేస్‌బుక్ గ్రూపుగా మొదలుపెట్టింది, దానికి యాప్ వచ్చింది 2021లో. అంటే ముందు అలవాటు, తర్వాతే యాప్.

మేమూ అదే దారి పట్టాం. చుట్టుపక్కల రైతులు, టౌన్లో మిద్దెతోట వాళ్లు కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నాం. మొదటి నెలలోనే మూడు దెబ్బలు తగిలాయి.

మొదటిది దూరం. నాలుగు సంచుల ఆకు ఉచితమే, కానీ ఆటో కిరాయి కడితే ఖర్చు తడిసి మోపెడైంది. బరువు సరుకు దగ్గరివాళ్లకే గిట్టుబాటు.

రెండోది పిలుపు. ఒక కొబ్బరిపీచు కుప్పకి ఐదుగురు "నాకే" అన్నారు. మాట తీసుకున్నాయన రాలేదు, ఇచ్చేవాళ్లు సాయంత్రం దాకా కాచుకుని కూర్చున్నారు.

మూడోది పెద్దది. మా తమ్ముడొకడు 200 లీటర్ల డ్రమ్ము ఉచితంగా వస్తే సంబరంగా తెచ్చుకుని జీవామృతం కలిపాడు. మూడో రోజుకీ నురగ లేదు, పులిసిన వాసన లేదు. ఆరా తీస్తే అందులో అంతకుముందు ఏదో కెమికల్ ఉండేదట. పది కిలోల పేడ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి వృథా. అనుమానం వచ్చి పొలానికి పెట్టలేదు కాబట్టి సరిపోయింది. ఇచ్చినాయన మోసం చేయలేదండీ. ముందు అందులో ఏముండేదని ఎవరూ అడగలేదు, అంతే.

అందుకే మన రైతుల కోసం యాప్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ గడులు లేకుండా చేయొద్దు:

1. వస్తువు ఏంటి, ఎంత ఉంది, ఫోటో.

2. ముందు దేనికి వాడారు? డ్రమ్ములు, డబ్బాలకి ఇది నింపకపోతే పోస్టు పడకూడదు. పురుగుమందు డబ్బాలు అసలు ఇవ్వకూడదు, తీసుకోకూడదు.

3. మందు కొట్టారా? గడ్డి, ఆకు, పచ్చిరొట్ట ఏదైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

4. ఎప్పటిది? పేడ ఎంత తాజాగా ఉంటే జీవామృతానికి అంత మంచిది. విత్తనమైతే రకం పేరు, కట్టిన సంవత్సరం రాయాలి. మందు పట్టించిన రంగు విత్తనం ఇక్కడ పెట్టొద్దు.

5. ఏ రోజు, ఏ వేళ తీసుకెళ్లాలి? టైం దాటితే తర్వాతివాళ్లకి. ఎవరికివ్వాలో ఇచ్చేవాళ్లే తేల్చుకోవాలి, ముందు అడిగినవాళ్లకే అనే రూలు పెట్టకూడదు.

6. ఊరు పేరు, వీధి పేరు మాత్రమే అందరికీ కనబడాలి. ఇంటి నంబరు, ఫోన్ నంబరు "సరే ఇస్తాను" అన్నాకే వెళ్లాలి. ఇంట్లో ఆడవాళ్లే ఉన్నప్పుడు గేటు దగ్గర పెట్టి వెళ్లే వీలుండాలి.

ఇంకో మాట. ఊరికే తీసుకోవడానికి చాలామంది నామోషీ పడతారు. కానీ పాడి ఉన్న ఇంటికి గిన్నె పట్టుకెళ్తే మజ్జిగ పోసేవాళ్లు, అందులో చిన్నతనం ఎవరికీ అనిపించేది కాదు. "నా దగ్గర ఉంది" అని పెట్టినట్టే "నాకు కావాలి" అని పెట్టే చోటు కూడా యాప్‌లో ఉండాలి. ఆవు లేని చిన్న రైతుకి ఒక బుట్ట పేడ, ఒక బిందె మూత్రం దొరికితే ఎకరం పొలానికి పని జరుగుతుంది. లేకపోతే ఆయన మళ్లీ మందుల షాపు మెట్లెక్కుతాడు. ఇది వస్తువు వృథా గురించి మాత్రమే కాదు, ఒక రైతు నిలబడటం గురించి.

కాబట్టి యాప్ వచ్చేదాకా ఆగకండి. బండి మీద పదిహేను నిమిషాల్లో చేరుకునే పన్నెండు మందిని పోగేయండి. రెండు వారాలు నడపండి. ఏది కుదిరింది, ఎక్కడ గొడవైంది కాగితం మీద రాసుకోండి. రేపు యాప్ చేసే కుర్రాళ్లకి మీరు ఇవ్వాల్సింది ఆ కాగితమే.

మేం గ్రూపులో పెట్టే మెసేజ్ నమూనా పై వీడియోలో చూపించాను. అన్నట్టు, ఆకులు తగలబెట్టిన ఆ అమ్మగారు కూడా ఇప్పుడు గ్రూపులో ఉన్నారు. ఈసారి ఆరు సంచులు గేటు పక్కన పెట్టి ఫోటో పంపారు. అవి ఇప్పుడు మా వంగ మొక్కల మొదళ్లలో ఉన్నాయి.

మీ ఊళ్లో ఇలాంటిది నడుస్తుంటే ఎలా నడుపుతున్నారో మాకూ చెప్పండి.